చల్లగా ఉంటే చాలదు.. శుభ్రంగా ఉండాలి!

* గడ్డకట్టే చలికీ చావని సూక్ష్మజీవులు
* నిన్నటి మిశ్రమమే నేటి మిశ్రమానికి ‘తోడు’
* రాత్రి గంట శ్రమతోనే సాఫ్టీ యంత్రం భద్రం

నరసరావుపేట: శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని పెద్దల మాట. కోటప్పకొండ తిరునాళ్ల ముగిసిన నాటి నుంచే పల్నాడులో ఎండ ముదరడం ఆరంభమవుతుంది. బస్టాండు కూడళ్లలో, సినిమాహాళ్ల ముందు, బేకరీల ముంగిట సాఫ్టీ యంత్రాల హోరు మొదలవుతుంది. పిడి లాగగానే మెలికలు తిరుగుతూ కోన్‌లోకి దిగే మెత్తని ఐస్‌క్రీం కోసం పిల్లలూ పెద్దలూ యంత్రం చుట్టూ మూగుతారు. రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రతలు నమోదయ్యే ప్రాంతాల్లో ఒకటైన రెంటచింతల ఉన్న జిల్లాలో ఈ వ్యాపారానికి గిరాకీ ఉండటం సహజమే.

చేతిలోని కోన్ చల్లగా ఉంది కనుక అది సురక్షితమేనన్న నమ్మకం తినేవారిలోనూ, అమ్మేవారిలోనూ ఉంటుంది. ఆ నమ్మకంలోనే ప్రమాదం దాగి ఉంది. చలి సూక్ష్మజీవులను చంపదు. చాలావాటిని నిద్రపుచ్చుతుంది, కొన్నింటిని నిద్ర కూడా పుచ్చలేదు. సాఫ్టీని సురక్షితంగా ఉంచేది యంత్రంలోని చలి కాదు, దుకాణం మూసే వేళ ఆ యంత్రాన్ని విప్పి కడిగే చేతులే. ఆ గంట శ్రమను ఎగవేస్తే పసిపిల్లలు, గర్భిణులు, వృద్ధులు ముప్పును ఎదుర్కొంటారు. లక్షల రూపాయలు అప్పుచేసి యంత్రం కొన్న చిరువ్యాపారి సైతం నష్టపోతాడు.

యంత్రం లోపల ఏముంది?

సాఫ్టీ యంత్రం చూడటానికి బీరువాలా ఉన్నా, దాని పనితీరు ఇంట్లో మజ్జిగ చిలికే కవ్వానికి దగ్గరగా ఉంటుంది. పైన మూత ఉన్న తొట్టిని హాపర్ అంటారు. పాలు, చక్కెర, కొవ్వు కలిసిన ద్రవ మిశ్రమాన్ని ఇందులో పోస్తారు. ఇది 5 డిగ్రీల సెల్సియస్‌కు మించని చల్లదనంలో ఉండాలి. తొట్టి అడుగున ఉన్న చిన్న గొట్టం ద్వారా మిశ్రమం, దానితోపాటు గాలి కింద ఉన్న ఉక్కు సిలిండర్‌లోకి దిగుతాయి.

సిలిండర్ గోడలను వెలుపలి నుంచి గ్యాస్ గొట్టాలు గడ్డకట్టే స్థితికి తెస్తాయి. లోపల కవ్వం వంటి బీటర్ నిరంతరం తిరుగుతూ, గోడకు పేరుకునే సన్నని మంచు పొరను తన అంచులకున్న ప్లాస్టిక్ పట్టీలతో గీకి తీస్తుంది. గీకిన మంచు, గాలి కలిసి మెత్తని ముద్దగా మారతాయి. సాధారణంగా సున్నాకు 4 నుంచి 7 డిగ్రీల దిగువన ఆ ముద్ద ముందున్న తలుపు గుండా బయటకు వస్తుంది. లీటరు మిశ్రమం ఇలా దాదాపు 1.3 నుంచి 1.6 లీటర్ల సాఫ్టీగా పొంగుతుంది. ఆ పొంగు అంతా గాలే. బస్టాండు పక్కన పెట్టిన యంత్రమైతే అది పీల్చుకునేది బస్టాండు గాలినే.

ఈ అమరికలో మిశ్రమం తాకే భాగాలు చాలా ఉన్నాయి. తొట్టి, గాలి గొట్టం, సిలిండర్, బీటర్, గీకే పట్టీలు, వెనుకవైపు ఇరుసును బిగించే రబ్బరు సీలు, ముందరి తలుపు, పిడి కింద కదిలే కడ్డీ, వాటికి తొడిగిన రబ్బరు రింగులు, నక్షత్రాకారపు మూతి.. వీటిలో ఏ ఒక్కదాని సందులో పాల జిడ్డు మిగిలినా మిగతావన్నీ కడిగిన ఫలితం దక్కదు.

తోడు పెట్టినట్లే

పాల గిన్నెను సరిగా కడగకుండా మళ్లీ పాలు కాస్తే విరిగిపోతాయని ప్రతి ఇల్లాలికీ తెలుసు. కుండెడు పాలను తెల్లవారేసరికి పెరుగుగా మార్చడానికి చెంచాడు మజ్జిగ చాలునన్నదీ తెలిసిందే. సాఫ్టీ యంత్రంలోనూ ఇదే సూత్రం పనిచేస్తుంది. తేడా ఒక్కటే.. పెరుగు తోడులో ఉండేవి మేలు చేసే జీవులు. యంత్రం సందుల్లో మిగిలే పాల జిడ్డులో ఏవి ఉంటాయో చెప్పలేం.

రాత్రి మిగిలిన మిశ్రమాన్ని తొట్టిలోనే ఉంచి, ఉదయం దానిపైనే కొత్త మిశ్రమం పోయడం పలుచోట్ల కనిపించే అలవాటు. సిలిండర్‌లోంచి తీసిన మెత్తని ముద్దను కరిగించి మరునాడు తిరిగి తొట్టిలో పోయడం దానికన్నా హానికరం. నిన్నటి సూక్ష్మజీవులకు నేడు కొత్త ఆహారం అందించినట్లవుతుంది. ఇలా గొలుసు తెగకుండా వారం సాగితే, చివరి రోజున తిన్న వ్యక్తికి వారం రోజుల పంట దక్కుతుంది. ఈ గొలుసును తెంచడానికి ఒక్కటే మార్గం.. మిగిలినది పారబోసి, యంత్రాన్ని ఖాళీ చేసి కడగడం.

పాత మిశ్రమాన్ని మరిగిస్తే సరిపోతుందన్న వాదన కూడా నిలవదు. మనుషుల చేతులు, ముక్కు, గాయాల నుంచి చేరే స్టెఫిలోకోకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా ఆహారంలో విషాన్ని విడుదల చేస్తుంది. మరిగిస్తే బ్యాక్టీరియా చస్తుంది గానీ దాని విషం చాలావరకు అలాగే మిగులుతుంది. అటువంటి ఆహారం తిన్న అరగంట నుంచి 8 గంటల్లోపే వాంతులు, కడుపునొప్పి మొదలవుతాయి.

చలిలోనూ పెరిగే లిస్టీరియా

సాఫ్టీ యంత్రాల విషయంలో ఆరోగ్య నిపుణులు ప్రధానంగా భయపడేది లిస్టీరియా మోనోసైటోజెనిస్ అనే బ్యాక్టీరియాకు. ఫ్రిజ్ చల్లదనంలో మిగతా సూక్ష్మజీవుల పెరుగుదల మందగిస్తే, ఇది మాత్రం నెమ్మదిగానైనా పెరుగుతూనే ఉంటుంది. గడ్డకట్టినా చావదు. ఉక్కు, రబ్బరు ఉపరితలాలపై కంటికి కనిపించని జిగురు పొరను అల్లుకుని దాని కింద తలదాచుకుంటుంది. పైపైన నీళ్లు పోసినా, మందు కలిపిన నీరు తిప్పినా ఆ పొర వదలదు. బ్రష్‌తో రుద్ది తీయాల్సిందే.

ఆరోగ్యవంతుల్లో ఇది స్వల్ప అస్వస్థతతో పోవచ్చు. వృద్ధులు, క్యాన్సర్ చికిత్స పొందుతున్నవారు, రోగనిరోధక శక్తి తగ్గినవారిలో రక్తానికి, మెదడు పొరలకు పాకి ప్రాణం తీయగలదు. గర్భిణులకు ఈ వ్యాధి సోకే అవకాశం ఇతరులకన్నా సుమారు 10 రెట్లు అధికం. తల్లికి మామూలు జ్వరం, ఒళ్లునొప్పుల్లా కనిపించి తగ్గిపోయినా గర్భస్రావం, మృతశిశు జననం సంభవించవచ్చు. లక్షణాలు సాధారణంగా రెండు వారాల్లో బయటపడతాయి. ఒక్కోసారి 70 రోజుల వరకూ పట్టవచ్చు. రెండు నెలల కిందట తిన్న కోన్‌ను నేటి అనారోగ్యంతో ముడిపెట్టి ఆలోచించేవారు ఎవరూ ఉండరు. నేరం చేసిన యంత్రం నిర్దోషిలా అలాగే తిరుగుతూ ఉంటుంది.

ఇది ఊహ కాదు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 2023 ఫిబ్రవరి, జులై నెలల మధ్య 6 మంది లిస్టీరియా సోకి ఆసుపత్రి పాలయ్యారు. వారిలో ముగ్గురు మరణించారు. ఆ రాష్ట్ర ఆరోగ్యశాఖ దర్యాప్తు చేయగా టకోమా నగరంలోని ఒక రెస్టారెంట్‌లోని ఐస్‌క్రీం యంత్రాల్లో అదే బ్యాక్టీరియా బయటపడింది. యంత్రాలను సరైన రీతిలో శుభ్రపరచకపోవడమే కారణమని అధికారులు తేల్చారు. అంతకుముందు 2015లో అదే దేశంలో ఒక పేరున్న ఐస్‌క్రీం తయారీ సంస్థ ఉత్పత్తుల వల్ల 4 రాష్ట్రాల్లో 10 మందికి లిస్టీరియా సోకగా ముగ్గురు చనిపోయారు. నిఘా, పరీక్షల వ్యవస్థ బలంగా ఉన్నచోట ఇవి వెలుగు చూశాయి. లేనిచోట ఇలాంటివి ‘ఏదో జ్వరం’గానే మిగిలిపోయే ప్రమాదం ఉంది.

స్విచ్ ఆపితే ఆదా కాదు

కరెంటు బిల్లు తగ్గుతుందని రాత్రి దుకాణం కట్టేటప్పుడు యంత్రం స్విచ్ ఆపివేసి, మిశ్రమాన్ని మాత్రం లోపలే వదిలేసేవారున్నారు. అన్ని అలవాట్లలోకీ ఇది అత్యంత ప్రమాదకరమైనది. వేసవి రాత్రి మూసిన షట్టరు లోపలి వేడికి కొన్ని గంటల్లోనే మిశ్రమం గది ఉష్ణోగ్రతకు చేరుతుంది. పాలు, చక్కెర, గోరువెచ్చని వాతావరణం.. సూక్ష్మజీవులకు ఇంతకన్నా విందు లేదు. వండిన ఆహారాన్ని గది ఉష్ణోగ్రతలో 2 గంటలకు మించి ఉంచరాదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఉదయం స్విచ్ వేయగానే మిశ్రమం మళ్లీ చల్లబడుతుంది గానీ రాత్రి పెరిగిన సంతతి తగ్గదు.

కొన్ని యంత్రాలకు రాత్రివేళ మిశ్రమాన్ని చల్లగా నిలిపి ఉంచే ఏర్పాటు ఉంటుంది. మరికొన్ని ఖరీదైన యంత్రాలు రోజుకోసారి మిశ్రమాన్ని 65 డిగ్రీలకు పైగా వేడిచేసి తిరిగి చల్లబరుస్తాయి. అటువంటి వాటిని కూడా తయారీదారు చెప్పిన గడువులో, సాధారణంగా రెండు వారాలకోసారి, పూర్తిగా విప్పి కడగవలసిందే. వేడిచేసే సౌకర్యం లేని సాధారణ యంత్రాలను మాత్రం ఏ రోజుకారోజు కడగడమే క్షేమం.

మిగులును పారబోయడం నష్టమని వ్యాపారులు భావించవచ్చు. చివరి రెండు గంటల్లో అమ్మకానికి తగినంత మిశ్రమాన్నే పోసుకుంటే ఈ నష్టం చాలావరకు తగ్గుతుంది. అయితే తొట్టి పూర్తిగా అడుగంటేదాకా యంత్రాన్ని తిప్పకూడదు. మిశ్రమం చాలకపోతే సిలిండర్‌లో ఉన్నది గట్టిగా గడ్డకట్టి బీటర్, గేర్‌బాక్స్ దెబ్బతింటాయి. మిశ్రమం తగ్గిందని సూచించే దీపం వెలగగానే శీతలీకరణ ఆపేయడం మంచిది.

కడిగే విధానం ఇలా..

ముందుగా చేతులు సబ్బుతో శుభ్రంగా కడుక్కోవాలి. శీతలీకరణ ఆపి, యంత్రాన్ని ‘వాష్’ స్థితిలో ఉంచి, లోపల ఉన్నదంతా బకెట్‌లోకి దించేయాలి. ఇక్కడ ఒక జాగ్రత్త ప్రాణం వంటిది. శీతలీకరణ ఆన్‌లో ఉండగా సిలిండర్‌లో నీళ్లు పోస్తే క్షణాల్లో రాయిలా గడ్డకడతాయి. తిరిగే బీటర్ విరగడమో, మోటారు కాలిపోవడమో జరుగుతుంది.

మొదటి కడుగు చల్లని మంచినీటితోనే ఉండాలి. వేడినీళ్లు పోస్తే పాలలోని మాంసకృత్తులు ఉడికి, అడుగంటిన పాలలా గోడకు అంటుకుంటాయి. తొట్టిలో నీరు నింపి, బీటర్‌ను తిప్పుతూ, మూతి నుంచి తేటనీరు వచ్చేదాకా వదలాలి. తరువాత గోరువెచ్చని నీటిలో పాత్రలు తోమే, సువాసన లేని డిటర్జెంట్ కలిపి అయిదు నిమిషాలు తిప్పాలి. పాలకొవ్వుకు బదులు వృక్ష సంబంధ కొవ్వు కలిపిన ‘ఫ్రోజెన్ డెజర్ట్’ మిశ్రమం వాడేవారు ఈ దశను తేలికగా తీసుకోరాదు. ఆ కొవ్వు చల్లని నీటిలో మైనంలా గట్టిపడి గోడను అంటిపెట్టుకుంటుంది. అయితే నీరు మరీ మరిగేదిగా ఉంటే ప్లాస్టిక్ భాగాలు వంకరపోతాయి, రబ్బరు పాడవుతుంది.

చాలామంది ఇక్కడితో పని ముగిసిందనుకుంటారు. అసలు పని ఇక్కడే మొదలవుతుంది. ప్లగ్గు పీకి, ముందరి తలుపు మరలు విప్పి, బీటర్‌ను బయటకు లాగాలి. గీకే పట్టీలు, రబ్బరు రింగులు, కడ్డీ, గాలి గొట్టం.. దేనికది విడదీయాలి. రింగులను సూదితోనో, కత్తి మొనతోనో తీస్తే గాట్లు పడతాయి. గుడ్డతో పట్టుకుని వేళ్లతో జరపాలి. విడిభాగాలన్నింటినీ సబ్బునీటిలో నానబెట్టి బ్రష్‌తో రుద్దాలి. సన్నని రంధ్రాలకు సన్నని బ్రష్, సిలిండర్‌కు పొడవాటి పిడి ఉన్న బ్రష్ వేర్వేరుగా ఉండాలి. సిలిండర్ చివర, వెనుక గోడలో ఇరుసు దూరే రంధ్రం వద్ద జిడ్డు ఎక్కువగా పేరుకుంటుంది. చేయి అందని ఆ చోటనే నిర్లక్ష్యం ఎక్కువ. ఇనుప పీచు వాడితే ఉక్కుపై గీతలు పడి, ఆ గీతల్లోనే సూక్ష్మజీవులు కాపురం పెడతాయి.

రుద్దిన తరువాత మంచినీటితో జాడించి, క్లోరిన్ ద్రావణంలో ముంచాలి. 4 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణమైతే 10 లీటర్ల నీటికి 25 మిల్లీలీటర్లు సరిపోతుంది. అప్పుడు పది లక్షల పాళ్ల నీటిలో 100 పాళ్ల క్లోరిన్ ఉన్నట్లు లెక్క. కలిపిన ద్రావణాన్ని ఏ రోజుకారోజు వాడుకోవాలి. ఎండ తగిలినా, పాతబడినా దాని సత్తువ తగ్గిపోతుంది. బ్లీచింగ్ పౌడర్ కలిపితే సున్నపు తెట్టు సందుల్లో మిగిలిపోతుంది కనుక దానికి దూరంగా ఉండాలి. భాగాలను రాత్రంతా క్లోరిన్ నీటిలో వదిలేస్తే ఉక్కుకు తుప్పు మచ్చలు వస్తాయి. కొద్ది నిమిషాలు చాలు. జిడ్డు పోనిదే క్లోరిన్ పనిచేయదన్నది కూడా గుర్తుంచుకోవాలి. కడగకుండా మందు నీళ్లు తిప్పడమంటే ఒంటి బురదపై అత్తరు చల్లుకోవడమే.

ముంచి తీసిన భాగాలను గుడ్డతో తుడవకుండా శుభ్రమైన జాలీపై గాలికి ఆరనివ్వాలి. తుడిచే గుడ్డే కొత్త సూక్ష్మజీవులను తెచ్చిపెడుతుంది. ఉదయం బిగించాక మరోసారి క్లోరిన్ ద్రావణాన్ని తొట్టిలో పోసి, కొద్ది నిమిషాలు తిప్పి, పూర్తిగా దించేసిన తరువాతే మిశ్రమం పోయాలి. మూతి నుంచి మొదట వచ్చే ముద్దను అమ్మకుండా పారేయాలి.

రబ్బరు రింగులే కీలకం

పదుల రూపాయల రబ్బరు రింగు, లక్షల యంత్రాన్ని మూలన పెట్టగలదు. రింగులకు, సీలుకు ఆహార పదార్థాల యంత్రాల కోసమే తయారైన కందెన పలుచగా రాయాలి. చేతికందిన గ్రీజు, వ్యాజిలైన్, వంటనూనె పూయడం తగదు. అవి ఆహారంలో కలుస్తాయి, రబ్బరును ఉబ్బించి పాడుచేస్తాయి. కందెన లేకుండా బిగిస్తే రింగు త్వరగా అరిగి మిశ్రమం కారుతుంది.

వెనుకవైపు సీలు అరిగితే మిశ్రమం ఇరుసు వెంట గేర్‌బాక్స్ వైపు పాకుతుంది. యంత్రం పక్కన బొట్లు పడే చిన్న పళ్లెం ఉండేది దీన్ని కనిపెట్టేందుకే. ఆ పళ్లెంలో రోజూ పాలచుక్కలు కనిపిస్తున్నాయంటే సీలు మార్చే సమయం వచ్చిందని అర్థం. దాన్ని గమనించకపోతే బేరింగు తుప్పుపట్టి మరమ్మతు ఖర్చు వేలకు చేరుతుంది. గీకే పట్టీలు అరిగితే గోడపై మంచు పొర మందమై, సాఫ్టీ పలుచగా, నీళ్లుగా వస్తుంది. గ్యాస్ అయిపోయిందని పొరబడి మెకానిక్‌ను పిలిచే ముందు పట్టీలను ఒకసారి చూడటం మేలు. రింగులు, సీలు, పట్టీలను సాధారణంగా 3 నుంచి 6 నెలలకోసారి మార్చాలి. వేసవికి ముందు ఒక జత కొని ఉంచుకుంటే గిరాకీ రోజున దుకాణం మూసుకోవాల్సిన అవసరం రాదు.

అమ్మకాలు లేకుండా యంత్రం గంటల తరబడి తిరిగినా చిక్కే. కవ్వం ఆపకుండా తిప్పితే వెన్న పడినట్లే, సిలిండర్‌లో మిశ్రమం అతిగా చిలకబడి కొవ్వు రేణువులు కడతాయి. నాలుకకు జిడ్డుగా తగిలే ఆ రేణువులే సందుల్లో చేరి శుభ్రపరచడాన్ని కష్టతరం చేస్తాయి.

మన నీటితో మరో చిక్కు

పల్నాడు నేల సున్నపురాయికి పేరు. పిడుగురాళ్ల సున్నం బట్టీలు, మాచర్ల ప్రాంతపు సిమెంటు పరిశ్రమలు ఆ రాయిపై ఆధారపడినవే. అటువంటి నేలలోంచి వచ్చే బోరు నీరు కఠినంగా ఉంటుంది. సబ్బు నురగ రాదు, కాచిన గిన్నెకు తెల్లని గార కడుతుంది. ఈ నీటిలోని ఖనిజాలు పాలలోని కాల్షియం, మాంసకృత్తులతో కలిసి ఉక్కు గోడపై గట్టి పొరగా మారతాయి. దీన్ని పాల గార అనవచ్చు. పళ్ల గార మాదిరే ఇది కూడా సూక్ష్మజీవులకు ఆశ్రయం ఇస్తుంది. లోపలి గోడ తళతళలాడకుండా మసకగా, వేలికి గరుకుగా తగిలితే గార పట్టినట్లే.

సబ్బు దీన్ని కరిగించలేదు. ఆమ్ల గుణం ఉన్న, ఆహార పాత్రలకు పనికివచ్చే ద్రావణంతో వారానికోసారి కడగాలి. గార కొద్దిగా ఉంటే నిమ్మ ఉప్పు ద్రావణం కూడా పనిచేస్తుంది. ఆ తరువాత మంచినీటితో పలుమార్లు జాడించాలి. ఆమ్లాన్ని, క్లోరిన్ ద్రావణాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ కలపరాదు. కలిస్తే వెలువడే క్లోరిన్ వాయువు మూసిన గదిలో ఊపిరి తీస్తుంది. పొడిని నీటిలో కలిపి మిశ్రమం తయారుచేసుకునేవారు కాచి చల్లార్చిన నీటిని గానీ, శుద్ధి చేసిన నీటిని గానీ వాడాలి. కలిపిన మిశ్రమాన్ని ఫ్రిజ్‌లో చల్లబరిచిన తరువాతే తొట్టిలో పోయాలి.

ఎండ, దుమ్ము, కరెంటు

యంత్రం లోపలి వేడిని బయటకు నెట్టేది కండెన్సర్. దాని రేకుల మధ్య దుమ్ము పేరుకుంటే వేడి బయటకు పోదు. 44, 45 డిగ్రీల ఎండలో కంప్రెసర్ ఆయాసపడి చివరకు ఆగిపోతుంది. రోడ్డు పక్క దుకాణాల్లో వేసవిలో వారానికోసారి మెత్తని బ్రష్‌తో ఈ రేకులను దులపాలి. యంత్రాన్ని గోడకు ఆనించకుండా గాలి ఆడేందుకు చుట్టూ జానెడు చోటు వదలాలి. నేరుగా ఎండ పడే చోట పెట్టరాదు.

వోల్టేజీ హెచ్చుతగ్గులు కంప్రెసర్‌కు శత్రువులు. యంత్రం సామర్థ్యానికి తగిన స్టెబిలైజర్ తప్పనిసరి. కరెంటు పోయి వచ్చిన వెంటనే కాకుండా కొద్ది నిమిషాలు ఆగి యంత్రాన్ని నడపాలి. కోత ఎక్కువసేపు సాగితే తొట్టిలో థర్మామీటరు పెట్టి చూడాలి. మిశ్రమం 5 డిగ్రీలు దాటి 2 గంటలు గడిస్తే దాన్ని పారబోయడమే ఉత్తమం.

తిరునాళ్లలో, ఎగ్జిబిషన్లలో తాత్కాలికంగా యంత్రాలు నడిపేవారికి జాగ్రత్త మరింత అవసరం. జనరేటరు కరెంటు, ట్యాంకరు నీరు, కాళ్ల కింద దుమ్ము, తెల్లవార్లూ అమ్మకాలు.. అక్కడ కడిగే వేళే దొరకదు. కోటప్పకొండ వంటి జాతరకు వెళ్లేముందే మంచినీటి డబ్బాలు, మూడు తొట్లు, బ్రష్‌లు, అదనపు రింగుల జత సిద్ధం చేసుకోవాలి. రద్దీ తగ్గిన వేళ యంత్రాన్ని ఆపి కడిగే సమయాన్ని ముందుగానే నిర్ణయించుకోవాలి.

చట్టం ఏం చెబుతోంది?

ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లో రూపొందింది. 2011 ఆగస్టు నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. ఆహార వ్యాపారులు పాటించాల్సిన పరిశుభ్రత నియమాలను 2011 నాటి లైసెన్సు నిబంధనల్లోని నాలుగో షెడ్యూలు వివరిస్తుంది. నీటి నాణ్యత, పనివారి ఆరోగ్యం, పరికరాల శుభ్రత అందులో ఉన్నాయి. అపరిశుభ్ర పరిస్థితుల్లో ఆహారం తయారుచేస్తే చట్టంలోని 56వ సెక్షన్ కింద రూ.లక్ష వరకు జరిమానా విధించవచ్చు. ఆహారం వల్ల మరణం సంభవిస్తే బాధిత కుటుంబానికి కనీసం రూ.5 లక్షల పరిహారాన్ని 65వ సెక్షన్ నిర్దేశిస్తోంది. ఏ తేదీన, ఎవరు, ఎన్ని గంటలకు యంత్రం కడిగారో ఒక నోటుపుస్తకంలో రాసి ఉంచడం నిర్వాహకులకే రక్షణ. తనిఖీకి వచ్చిన అధికారికి అదే తొలి సాక్ష్యం.

కొనేవారు చూడాల్సినవి

యంత్రం లోపల ఏముందో కొనుగోలుదారుకు కనిపించదు. వెలుపలి గుర్తులు మాత్రం చాలా చెబుతాయి. మూతి చుట్టూ ఎండిన పాల చారలు, ముసిరిన ఈగలు, పులిసిన వాసన, బొట్లు పడే పళ్లెంలో పేరుకున్న తెట్టు ఉంటే ఆ దుకాణం నుంచి వెనుదిరగడం మంచిది. నోట్లు లెక్కించిన చేత్తోనే కోన్ అంచు పట్టుకుని ఇస్తున్నారా అన్నదీ గమనించాలి. నోట పెట్టగానే పుల్లగా, చేదుగా, జిడ్డుగా తోస్తే తినడం ఆపేయాలి. గర్భిణులు శుభ్రతపై నమ్మకం లేనిచోట సాఫ్టీకి దూరంగా ఉండటమే క్షేమం. యంత్రాన్ని ఎప్పుడు కడిగారని అడగడం తప్పు కాదు. రోజూ కడిగేవారు ఆ ప్రశ్నకు నొచ్చుకోరు. ఫిర్యాదులుంటే జిల్లా ఆహార భద్రత అధికారులకు తెలపవచ్చు.

నిర్వాహకులు మరువరానివి

* మిగిలిన మిశ్రమాన్ని మరునాటికి ఉంచరాదు.
* రాత్రివేళ మిశ్రమంతో యంత్రాన్ని స్విచ్ ఆపి వదలరాదు.
* నీళ్లు పోసే ముందు శీతలీకరణ ఆపాలి. విప్పే ముందు ప్లగ్గు తీయాలి.
* చల్లని నీటి కడుగు, సబ్బు, బ్రష్, జాడింపు, క్లోరిన్, గాలికి ఆరబెట్టడం.. ఈ వరుస తప్పరాదు.
* ఆమ్లం, క్లోరిన్ ఒకేసారి వాడరాదు.
* రింగులు, సీలు, పట్టీలను గడువులోగా మార్చాలి.
* జ్వరం, విరేచనాలు, చేతులపై గాయాలు ఉన్నవారిని యంత్రం వద్ద ఉంచరాదు.

రాత్రి పది దాటాక, రోజంతా నిలబడి అలసిన కుర్రాడికి మరో గంట యంత్రం విప్పి కడగమంటే కష్టమే. యజమాని ఆ గంటకు కూలి కట్టి ఇవ్వాలి, పక్కన నిలబడి పని నేర్పాలి, తానే అప్పుడప్పుడు తలుపు విప్పి చూడాలి. మరునాడు మధ్యాహ్నం బడి వదలగానే చేతిలో నాణేలతో పరుగెత్తుకొచ్చే పిల్లవాడు యంత్రం లోపలికి తొంగి చూడలేడు. వాడి తరఫున చూడాల్సిన బాధ్యత దుకాణదారుదే.